అవుట్‌బోర్డ్ ఇంజిన్‌కు ఏ టూటీ ఆయిల్? టీసీ-డబ్ల్యూ3 నుంచి రేసింగ్ ఆముదం దాకా

షాపు కౌంటర్ మీద రెండు టూటీ ఆయిల్ డబ్బాలు, అంటే టూ స్ట్రోక్ ఇంజిన్ కోసం పెట్రోల్‌లో కలిపే ఆయిల్, ఉన్నాయనుకోండి. ఒకదాని మీద ఫుల్ సింథటిక్, జాసో ఎఫ్‌డీ (జపాన్ ప్రమాణం) అని పెద్ద అక్షరాలతో ఉంది, ధర ఎక్కువ. రెండోది మామూలు మినరల్ ఆయిల్. వెనక లేబుల్ మీద చిన్నగా టీసీ-డబ్ల్యూ3 (పడవ ఇంజిన్ల ఆయిల్ ప్రమాణం) అని ఉంది, ధర బాగా తక్కువ. మీ పడవకు 40 హెచ్‌పీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (పడవ వెనక బిగించే ఇంజిన్) ఉంది. అయితే ఆలోచించకుండా రెండోదే తీసుకోండి. మొదటిది చెడ్డ ఆయిలేం కాదు. ఆర్‌ఎక్స్ 100 లాంటి బండికి చక్కగా సరిపోతుంది. కానీ అది గాలికి చల్లబడే ఇంజిన్ కోసం చేసిన ఆయిల్. మీది నీళ్లతో చల్లబడే ఇంజిన్.

అవుట్‌బోర్డ్ ఆయిల్ విషయంలో చాలామంది కింది నుంచి పైకి వెళ్తారు. ముందు బ్రాండ్ పేరు, తర్వాత సింథటికా మినరలా, ఆ తర్వాత ధర చూస్తారు. ఇంజిన్ సంగతి చివర్లో వస్తుంది. నా లెక్కలో ఇది పూర్తిగా తిరగబడాలి. ముందు మీ ఇంజిన్‌లోకి పెట్రోల్ ఏ దారిన వెళ్తోందో తెలుసుకోవాలి. తర్వాత ఆయిల్ మీద ఉండాల్సిన ముద్ర చూడాలి, తర్వాత ఎంత కలపాలో తేల్చుకోవాలి. బ్రాండ్ గురించి వాదన ఏదైనా మిగిలితే అది ఆఖర్న పెట్టుకోవచ్చు.

బండి ఆయిల్ పడవకు ఎందుకు పనికిరాదు

టూ స్ట్రోక్ బండి ఇంజిన్ బాగా వేడెక్కుతుంది. రింగుల దగ్గర ఆయిల్ మాడి గట్టిపడకుండా ఉండాలని ఆ ఆయిళ్లలో కాల్షియం లాంటి లోహాలతో చేసిన డిటర్జెంట్లు కలుపుతారు. అవి శుభ్రం బాగానే చేస్తాయి, కానీ కాలినప్పుడు కొంచెం బూడిద మిగులుస్తాయి. రోడ్డు మీద బండికి ఆ బూడిదతో పెద్దగా ఇబ్బంది ఉండదు. సిగ్నల్ దగ్గర ఆగుతాం, గేర్ మారుస్తాం, పల్లంలో యాక్సిలరేటర్ వదిలేస్తాం. ఇంజిన్‌కు ఊపిరి తీసుకునే సందు దొరుకుతూనే ఉంటుంది.

పడవకు ఆ సందు లేదు. రేవు దాటాక థ్రాటిల్ తెరిస్తే గంటసేపు అలాగే ఉంచుతారు. ప్రొపెల్లర్ నీళ్లను తోస్తున్నంతసేపూ ఇంజిన్ మీద లోడ్ తగ్గదు. ఎప్పుడూ ఎక్కుడు దారిలో నడుస్తున్నట్టే. ఈ పరిస్థితిలో పిస్టన్ తల మీద, ప్లగ్ కొన మీద పేరుకున్న బూడిద ఎర్రగా కాలి నిప్పుకణికలా మిగిలిపోతుంది. ప్లగ్ నిప్పు రవ్వ వేయకముందే పెట్రోల్ దానికి అంటుకుంటుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పేలుడు జరుగుతుంది. ఇది కాసేపు సాగిందంటే పిస్టన్ నడినెత్తిన అల్యూమినియం కరిగి చిల్లు పడుతుంది. విప్పి చూస్తే చిల్లు అంచులు కత్తిరించినట్టు ఉండవు, మైనం కారినట్టు గుండ్రంగా ఉంటాయి.

దీనికి తోడు నీళ్ల సంగతి ఒకటి ఉంది. అవుట్‌బోర్డ్ పంపు బయటి నీళ్లను ఎప్పటికప్పుడు లాగి సిలిండర్ల చుట్టూ తిప్పుతుంది. చాలా పెద్ద ఇంజిన్లలో థర్మోస్టాట్ 50, 60 డిగ్రీల మధ్యే తెరుచుకుంటుంది. అంటే పిస్టన్ తల మంటలో ఉన్నా సిలిండర్ గోడ చల్లగా ఉంటుంది. బాగా వేడెక్కితే తప్ప పనిచేయని డిటర్జెంట్లు ఇక్కడ దండగ. అందుకే అవుట్‌బోర్డ్ ఆయిళ్లలో బూడిద మిగల్చని, తక్కువ వేడిలోనే మసిని పట్టి ఉంచే రసాయనాలు వాడతారు. టీసీ-డబ్ల్యూ3కీ జాసో ఎఫ్‌డీకీ అసలు తేడా ఇదే. ఈ రెండింటిలో ఒకటి పై మెట్టు, ఇంకొకటి కింది మెట్టు అనుకోవద్దు. అవి రెండు వేరు దారులు. టీసీ-డబ్ల్యూ3 ఆయిల్‌ను బండిలో పోయడం కూడా ఇంతే తప్పు. ఆ వేడికి అది రింగుల దగ్గర తట్టుకోలేదు.

టీసీ-డబ్ల్యూ3 ముద్రను అమెరికాలోని మెరైన్ తయారీదారుల సంఘం ఎన్‌ఎంఎంఏ ఇస్తుంది. 1992 నుంచి అమల్లో ఉంది. దీనికోసం ఆయిల్‌ను నిజమైన అవుట్‌బోర్డ్ ఇంజిన్లలో పోసి నడిపి, తర్వాత విప్పి రింగులూ పిస్టన్లూ ఎలా ఉన్నాయో చూస్తారు. తుప్పు పరీక్ష, చలిలో పారే గుణం, పెట్రోల్‌తో కలిసే తీరు, నీరు తగిలినప్పుడు ఫిల్టర్ మూసుకుపోతుందా అన్నవి వేరే పరీక్షలు. 150 పాళ్ల పెట్రోల్‌కు ఒక్క పాలు ఆయిల్‌తో నడిపినా పిస్టన్ పట్టేయకుండా నిలబడుతుందో లేదో చూసే పరీక్ష కూడా ఉంది. అంత తక్కువ పోయమని దాని అర్థం కాదు, అది పరీక్ష కోసం మాత్రమే.

డబ్బా తిప్పి చూడండి. నిజంగా సర్టిఫికెట్ ఉన్న ఆయిల్ మీద ఆర్‌ఎల్ అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. "టీసీ-డబ్ల్యూ3 అవసరమయ్యే ఇంజిన్లకు పనికొస్తుంది" అని మాత్రమే రాసి నంబర్ లేకుండా వదిలేసిన డబ్బాలు కూడా మార్కెట్లో ఉంటాయి. ఆ మాటకు ఎవరూ పూచీ పడరు. నేను నంబర్ లేని డబ్బా కొనను. ఇంకో మాట, ఆయిల్ నీలంగా ఉందా, ఎర్రగా ఉందా, పచ్చగా ఉందా అన్నదానికీ నాణ్యతకూ సంబంధమే లేదు. పెట్రోల్‌లో కలిసిందీ లేనిదీ కంటికి కనిపించాలని వేసే రంగు అది.

మినరల్, సెమీ, ఫుల్ సింథటిక్

మూడింటి మీదా టీసీ-డబ్ల్యూ3 ముద్ర ఉండొచ్చు. ముద్ర ఉందంటే కనీస పరీక్ష పాసైందని అర్థం, ఎన్ని మార్కులతో పాసైందో అది చెప్పదు. అందుకే ఒకే ముద్ర ఉన్న రెండు డబ్బాల మధ్య కూడా తేడా ఉంటుంది.

టిల్లర్ (చేతి పిడి) పట్టుకుని నడిపే కార్బొరేటర్ ఇంజిన్, ఉదాహరణకు మన తీరంలోనూ కనిపించే యమహా ఎండ్యూరో 40 తీసుకోండి. రెండు సిలిండర్లు, 703 సీసీ, నిమిషానికి ఐదు వేల చక్కర్ల దగ్గర పనిచేసే మొండి ఇంజిన్. ఫుల్ థ్రాటిల్‌లో గంటకు 15 లీటర్లకు పైనే తాగుతుంది. 50:1 చొప్పున, అంటే 50 పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్ లెక్కన, గంటకు 300 మిల్లీలీటర్ల ఆయిల్ అవుతుంది. రోజూ వేటకు వెళ్లే పడవకు ఏడాదిలో ఎంత ఆయిల్ ఖర్చవుతుందో లెక్క వేసుకోండి. అక్కడ మంచి కంపెనీ మినరల్ లేదా సెమీ సింథటిక్ టీసీ-డబ్ల్యూ3 చాలు. ఫుల్ సింథటిక్‌కు పెట్టే అదనపు డబ్బుతో ఏటా వాటర్ పంపు ఇంపెల్లర్ మార్పిస్తే ఆ ఇంజిన్‌కు అంతకంటే ఎక్కువ మేలు.

సెమీ సింథటిక్ అన్న మాట చూసి మోసపోకండి. అందులో సింథటిక్ పాలు ఎంతో డబ్బా మీద ఉండదు. పొగ తగ్గించడానికి పాలీఐసోబ్యూటిలిన్ అనే రసాయనం కలిపిన ఆయిళ్లను కూడా ఆ పేరుతోనే అమ్ముతారు. పొగ తగ్గడం మంచిదే. టూరిస్టులను ఎక్కించుకునే స్పీడ్ బోటుకు, వెనక కూర్చునేవాళ్ల కోసమైనా అది తీసుకోవాలి.

ఫుల్ సింథటిక్ ఎప్పుడు పనికొస్తుందంటే, ఇంజిన్ రెండు కొసల్లో నడిచేటప్పుడు. గంటల తరబడి ఐడిల్‌లో నెమ్మదిగా తిరిగి, ఒక్కసారిగా ఫుల్ థ్రాటిల్ తెరిచే రెస్క్యూ బోట్లు, గాలం వేసే స్పోర్ట్ ఫిషింగ్ బోట్లు ఇలాంటివే. ఐడిల్‌లో ఆయిల్ సరిగ్గా కాలదు, మసి పేరుకుంటుంది. ఆ మసి మీదే ఒక్కసారిగా మంట పడుతుంది. ఎస్టర్ ఆధారిత మంచి సింథటిక్ ఆయిల్ అక్కడ శుభ్రంగా కాలుతుంది, రింగులు కదులుతూనే ఉంటాయి. 150 హెచ్‌పీ దాటిన వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్లకు కూడా నేను సింథటిక్కే సిఫారసు చేస్తాను. ఆ ఇంజిన్ విప్పితే అయ్యే ఖర్చు ముందు ఆయిల్ ధర తేడా లెక్కలోకి రాదు.

డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ల దారి వేరు

మెర్క్యురీ ఆప్టిమాక్స్, యమహా హెచ్‌పీడీఐ, ఎవిన్‌రూడ్ ఈ-టెక్. ఇవి ఇప్పుడు కొత్తవి తయారు కావడం లేదు. ఎవిన్‌రూడ్ ఇంజిన్ల తయారీని దాని మాతృసంస్థ బీఆర్‌పీ 2020లో ఆపేసింది. కానీ సెకండ్ హ్యాండ్‌లో ఇవి బాగా దొరుకుతాయి. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లెవరైనా టెక్సాస్ సరస్సుల మీద తిరగడానికి పాత బాస్ బోటు (బాస్ చేపల వేటకు వాడే పడవ) కొంటే దాని వెనక వీటిలో ఏదో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ.

కార్బొరేటర్ ఇంజిన్‌లో పెట్రోల్, ఆయిల్ కలిసి క్రాంక్‌కేసులోకి, అంటే పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గదిలోకి వెళ్తాయి. పెట్రోల్ ఆయిల్‌ను పల్చన చేసి, బేరింగుల మీద నుంచి కొంత కడిగేస్తుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్ తలలోకే పడుతుంది. క్రాంక్‌కేసులోకి గాలి, చిక్కటి ఆయిల్ మాత్రమే వెళ్తాయి. అందుకే తక్కువ ఆయిల్ సరిపోతుంది. ఎంత పంపాలో కంప్యూటర్ చూసుకుంటుంది. కానీ పోసేది తక్కువైనప్పుడు పోసిన ప్రతి చుక్కా నాణ్యంగా ఉండాలి. పైగా ఈ ఇంజిన్లలో పిస్టన్ తల, ఇంజెక్టర్ కొన ఎక్కువ వేడెక్కుతాయి. ఇక్కడ చౌక టీసీ-డబ్ల్యూ3 వాడటం నాకు అస్సలు ఇష్టం లేదు. డబ్బా మీద డీఎఫ్‌ఐ (డైరెక్ట్ ఫ్యూయల్ ఇంజెక్షన్) ఇంజిన్లకని స్పష్టంగా రాసి ఉన్న ఆయిల్ తీసుకోవాలి. ఆప్టిమాక్స్‌కైతే మెర్క్యురీ వాళ్ల సొంత డీఎఫ్‌ఐ ఆయిల్ ఉంది.

ఈ-టెక్ కొనేవాళ్లు ఒక విషయం తప్పకుండా కనుక్కోవాలి. ఎవిన్‌రూడ్ సొంత సింథటిక్ ఆయిల్ ఎక్స్‌డీ100 వాడితే, తక్కువ ఆయిల్‌తో నడిచేలా కంప్యూటర్‌లో సెట్టింగ్ మార్చుకునే వీలుంది. పాత ఓనరు అలా మార్పించాడేమో డీలర్ దగ్గర లాప్‌టాప్ పెట్టించి చూడండి. అలా మార్చిన ఇంజిన్‌లో మామూలు ఆయిల్ పోస్తే, మామూలు ఆయిల్‌కు చాలని కొలతలో అది అందుతుంది. ఆ తర్వాత బేరింగులు ఎంతకాలం వస్తాయన్నది మీ అదృష్టం.

రేసింగ్ ఆయిళ్లు, ఆముదం

2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో ఫార్ములా వన్ పవర్‌బోట్ పోటీలు జరిగినప్పుడు ఆ ఇంజిన్ల మోత విన్నవాళ్లు మరిచిపోయి ఉండరు. అవి చాలావరకు మెర్క్యురీ 2.5 లీటర్ల వీ6 టూ స్ట్రోక్‌లు. నిమిషానికి 10,500 చక్కర్ల దగ్గర 400 హెచ్‌పీకి పైగా శక్తి, గంటకు దాదాపు 120 లీటర్ల ఇంధనం. అదీ విమానాల్లో వాడే ఏవ్‌గ్యాస్. ఇలాంటి ఇంజిన్‌కు 25:1 చొప్పున కలిపితే గంటకు దాదాపు ఐదు లీటర్ల ఆయిల్ కాలిపోతుంది. ఇక్కడ టీసీ-డబ్ల్యూ3 ముద్ర ప్రధానం కాదు. క్రాంక్ బేరింగ్ రోలర్లకూ అవి తిరిగే గాడికీ మధ్య ఆయిల్ పొర తెగకుండా ఉంటే అంతే చాలు.

ఆ పొర విషయంలో ఆముదానిది చాలా పాత పేరు. క్యాస్ట్రాల్ అన్న పేరు వచ్చిందే ఆముదం ఇంగ్లిష్ పేరు నుంచి. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట పొలాల్లో పండే ఆముదాల నూనెనే శుద్ధి చేసి, కొన్ని రసాయనాలు చేర్చి రేసింగ్ ఆయిల్‌గా అమ్ముతారు. విపరీతమైన వేడిలో కూడా లోహాన్ని పట్టుకుని వదలదు. ఇంజిన్ క్షణంపాటు ఆయిల్ చాలక బిగిసేలోపు కాపాడగలిగేది అదే. క్లోట్జ్ లాంటి కంపెనీలు సింథటిక్‌లో కొంత ఆముదం కలిపిన రకాలు కూడా తయారు చేస్తాయి.

అయితే ఆముదం కాలాక మిగిల్చేది జిగురు. పిస్టన్ పక్కన గోధుమ రంగు వార్నిష్‌లా పట్టేస్తుంది, రింగుల గాడుల్లో గట్టిపడుతుంది. రేసు టీములు ఇంజిన్‌ను తరచూ విప్పి తుడుస్తాయి కాబట్టి వాళ్లకు అది సమస్య కాదు. మనం ఏళ్ల తరబడి విప్పం. చలిలో అది పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరే గుణం కూడా ఉంది. ఇక ఆయిల్ ఇంజెక్షన్ పంపు ఉన్న ఇంజిన్‌లో ఆముదం ఆయిల్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ ఆయిల్ ట్యాంకులో పోయకూడదు. ఆ పంపును అంత చిక్కటి నూనె కోసం చేయలేదు.

నా సలహా సూటిగా చెప్పాలంటే, ఆరు వేల ఆర్‌పీఎం దాటని ఇంజిన్‌కు రేసింగ్ ఆయిల్ వద్దు. మార్పులు చేయించి ఏడెనిమిది వేలు తిప్పే వీ6 ఉంటే, ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్‌లోనే కలుపుతూ, సీజన్‌కోసారి హెడ్ విప్పే ఓపిక కూడా ఉంటే అప్పుడు ఆలోచించండి. అక్కడ కూడా పూర్తి ఆముదం కన్నా ఎస్టర్ సింథటిక్‌వైపే నేను మొగ్గుతాను. ఇంకో తేడా కూడా ఉంది. టీసీ-డబ్ల్యూ3కి తుప్పు పరీక్ష తప్పనిసరి, రేసింగ్ ఆయిల్‌కు అలాంటి నిబంధన లేదు. ఉప్పు నీళ్ల మీద నడిపి నెలల తరబడి షెడ్డులో వదిలేసే పడవకు ఇది పెద్ద విషయం.

ఎంత కలపాలన్నదే అసలు సంగతి

మంచి ఆయిల్ తప్పు కొలతలో పోస్తే చవక ఆయిల్ సరైన కొలతలో పోసినదాని కంటే తొందరగా ఇంజిన్‌ను పాడు చేస్తుంది. 24 లీటర్ల యమహా ట్యాంకుకు 50:1 అంటే 480 మిల్లీలీటర్లు. 25:1 అంటే 960. 100:1 అంటే 240. ఈ మూడు అంకెలు ట్యాంకు మూత పక్కన పెయింట్‌తో రాసుకోండి. కొలత గిన్నె లేకుండా కంటి అంచనాతో పోయడం మానండి.

"ఎక్కువ పోస్తే ఇంజిన్‌కు బలం" అన్న మాట మెకానిక్‌ల దగ్గర తరచూ వినిపిస్తుంది. పూర్తిగా అబద్ధం కాదు, కానీ సగమే నిజం. కార్బొరేటర్ జెట్ (ఇంధనాన్ని కొలిచి వదిలే సన్నటి రంధ్రం) లోంచి వెళ్లేది పెట్రోల్, ఆయిల్ కలిసిన ద్రవం. 50:1లో అందులో పెట్రోల్ 98 శాతం, 25:1లో 96 శాతం. ద్రవం చిక్కబడటం వల్ల జెట్ లోంచి పారేది కూడా తగ్గుతుంది. అంటే ఆయిల్ పెంచితే పెట్రోల్ తగ్గుతుంది. ఇంజిన్ లీన్‌గా, అంటే గాలికి తగినంత పెట్రోల్ లేకుండా నడుస్తుంది, వేడెక్కుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో అంచు మీద నడిచే ఇంజిన్‌కు ఇది చేటు. అందుకే రేసు టీములు ఆయిల్ పెంచినప్పుడు జెట్ కూడా పెంచుతాయి. మనం ఆయిల్ పెంచి జెట్ అలాగే ఉంచితే పొగ, మసి, ప్లగ్ నల్లబడటం మిగులుతాయి.

తక్కువ పోయడం ఇంకా ప్రమాదం. "మా సింథటిక్ వాడితే 100:1 చాలు" అని డబ్బా మీద రాసే కంపెనీలున్నాయి. జాన్సన్, ఎవిన్‌రూడ్ ఇంజిన్లు తయారుచేసిన ఓఎంసీయే 1980ల్లో కొన్ని చిన్న మోటార్లకు 100:1 అని చెప్పి, తర్వాత 50:1కి తిరిగొచ్చింది. ఇంజిన్ తయారుచేసినవాళ్ల మాట మాన్యువల్‌లో ఉంటుంది, ఆయిల్ అమ్మేవాళ్ల మాట డబ్బా మీద ఉంటుంది. రెండూ వేరైతే మాన్యువల్ మాటే వినండి. కొత్త ఇంజిన్‌కు, సిలిండర్ బోరింగ్ చేయించిన ఇంజిన్‌కు మొదటి పది గంటలు చాలా మాన్యువల్స్ 25:1 అడుగుతాయి. ఆ టైములో ఖరీదైన సింథటిక్ అక్కర్లేదు, మినరల్ ఆయిలే వాడండి. రింగులు బోర్‌కు అలవాటు పడాలంటే కొంత రాపిడి ఉండాలి.

ఈ20 పెట్రోల్ వచ్చాక

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం ఎథనాల్ ఉంటోంది. చాలా అవుట్‌బోర్డ్ మాన్యువల్స్ 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. ఎథనాల్ గాలిలోని తేమను లాగుతుంది. తేమ ఎక్కువైతే ఎథనాల్, నీళ్లు కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పడవలో పెట్రోల్ పైపు ట్యాంకు అడుగు నుంచే లాగుతుంది కాబట్టి ఇంజిన్‌లోకి ముందు వెళ్లేది ఆ నీళ్లే. వాటిలో ఆయిల్ దాదాపు ఉండదు. ఎంత గొప్ప ఆయిల్ కొన్నా అప్పుడు చేయగలిగింది లేదు. అందుకని కలిపిన పెట్రోల్‌ను వారాల తరబడి దాచకండి. వేటకు సరిపడా అప్పటికప్పుడు కలుపుకోండి. నీటిని వేరుచేసే ఫిల్టర్ లేకపోతే తప్పకుండా పెట్టించండి. ఎథనాల్ లేని పెట్రోల్ దొరికే చోట ఉంటే ఆ అదనపు ధరకు వెనకాడకండి. ఆయిల్‌ను సింథటిక్‌కు మార్చడం కన్నా ఇది ముందు చేయాల్సిన ఖర్చు.

ఆయిల్ మార్చాక ఏం చూడాలి

ఒక టీసీ-డబ్ల్యూ3 నుంచి ఇంకో టీసీ-డబ్ల్యూ3కి మారేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయాల్సిన పని లేదు. ఒకదానితో ఒకటి కలవడం ఆ ప్రమాణంలోనే ఉంది. ఆముదం రకానికి, లేదా దాన్నుంచి వెనక్కి మారితే మాత్రం పూర్తిగా ఖాళీ చేసి పెట్రోల్‌తో కడగాలి.

కొన్ని ట్యాంకులు నడిపాక ప్లగ్‌లు తీసి, ఆ రంధ్రం లోంచి టార్చి వేసి పిస్టన్ తల చూడండి. ట్రాన్స్‌ఫర్ పోర్టుల (క్రాంక్‌కేసు నుంచి సిలిండర్‌లోకి వచ్చే దారుల) వైపు కొద్దిగా కడిగినట్టు శుభ్రంగా, మిగతా అంతా పల్చటి గోధుమ లేదా బూడిద రంగు పూతతో ఉంటే ఆయిలూ కొలతా రెండూ కుదిరినట్టే. గోకితే పెచ్చులుగా లేచే గట్టి నల్ల కార్బన్ ఉంటే ఆయిల్ ఎక్కువైంది, లేదా ఇంజిన్ మరీ ఎక్కువసేపు ఐడిల్‌లో నడుస్తోంది. యమహా రింగ్ ఫ్రీ లాంటి కార్బన్ తొలగించే మందు వాడి, కొలత మళ్లీ సరిచూసుకోండి. తలంతా పొడిగా తెల్లబడి, ప్లగ్ పింగాణీ మీద చిన్న చిన్న అల్యూమినియం చుక్కలు కనిపిస్తే ఇక ఆ రోజు ఇంజిన్ స్టార్ట్ చేయకండి. అది లీన్‌గా నడిచి పిస్టన్ కరగడం మొదలైన గుర్తు. అన్ని సిలిండర్లలో ఒక్కటి మాత్రం తోమినట్టు తళతళలాడుతుంటే కొత్త ఆయిల్ బాగా శుభ్రం చేసిందని మురిసిపోవద్దు. హెడ్ గ్యాస్కెట్ నుంచి ఆ సిలిండర్‌లోకి నీళ్లు వస్తున్నాయి, ఆ ఆవిరే కార్బన్‌ను కడిగేస్తోంది. ముందు ఆ గ్యాస్కెట్ మార్పించండి.